జిజాన్‌లో నేనిచ్చిన ఔట్

మా గదిలో ఎనిమిది మందిమి ఉంటాం. ఏడుగురు క్రికెట్ చూస్తారు, నేనొక్కణ్ణే బేస్‌బాల్ చూస్తాను. ఫోన్‌ని నూనె డబ్బాకి ఆనించి, చెవిలో వైర్లు పెట్టుకుని, ముక్క అర్థంకాని కొరియా భాషలో వ్యాఖ్యానం వింటూ కూర్చుంటే వాళ్ళకి తమాషా. "గదేం ఆటనే, ఎడ్లకు కట్టినట్టు మూతికి చిక్కం కట్టుకొని కూసున్నడు వాడెవడో" అంటాడు మా నిజామాబాద్ ఎలక్ట్రీషియన్. ఆ చిక్కం కట్టుకున్నవాణ్ణి క్యాచర్ అంటారని ఒకసారి చెప్పాను. మళ్ళీ చెప్పలేదు.

ఆ ఆటంటే నీకెందుకంత ఇష్టమని అడుగుతారు. ఇష్టమని అనలేను. పుండు గోక్కోవడం ఇష్టమైతే ఇదీ ఇష్టమే. టీవీ ఆటల్లో అంపైర్ తప్పు చేస్తే నాలుగు వైపుల నుంచీ కెమెరాలు చూపిస్తాయి, ఆట ఆపి చూస్తారు, చెప్పిన మాట వెనక్కి తీసుకుంటారు. అలా దిద్దుకునే వీలున్న అంపైర్లని చూస్తే నాకు ఒళ్ళుమంట. నేను ఒకే ఒక్క పెద్ద ఆటకి అంపైర్‌గా నిలబడ్డాను. అది దిద్దే కెమెరా లేదు.

అప్పుడు నేను సౌదీలోని జిజాన్‌లో, సముద్రం ఒడ్డున కడుతున్న ఒక పెద్ద ప్లాంటులో పనిచేసేవాణ్ణి. కట్టేది కొరియా కంపెనీ. మేం వాళ్ళ మనుషులం కాదు, సప్లై కంపెనీ మనుషులం. హెల్మెట్ మీద ఒకరి పేరు, ఇకామా కార్డు మీద ఇంకొకరి పేరు. పని వాళ్ళు చేయించుకుంటారు, కఫీల్, అంటే వీసా యజమాని, వేరే ఉంటాడు. సర్వేయర్ వెనకాల దారం, మేకులు, సున్నం డబ్బా పట్టుకుని తిరగడం నా పని. ఎక్కడ తవ్వాలో అక్కడ నేలమీద తెల్లగీత గీసేవాణ్ణి. కొరియా వాళ్ళు వెనకాల నిలబడి "పల్లి పల్లి" అని అరిచేవాళ్ళు. తొందరగా కానివ్వమని. మొదటి వారం మావాళ్ళు పల్లీలు కావాలేమో అనుకున్నారు.

ఆ సున్నం డబ్బానే నన్ను ఈ ఆటలోకి లాగింది. క్యాంపు వెనకాల చదును చేసిన ఉప్పునేల ఉండేది. శుక్రవారం పొద్దున కొరియా ఇంజనీర్లు అక్కడ ఆడుకునేవాళ్ళు. గీతలు గీయడానికి నన్ను పిలిచారు. నాలుగు మూలలున్న చదరం, ఒక మూలనుంచి రెండు పొడుగు గీతలు. మూలల్లో బేస్‌లుగా బాస్మతి బియ్యం సంచుల్లో ఇసుక నింపి పెట్టాను. ఆఖరి మూలలో మాత్రం షట్టరింగ్ ప్లైవుడ్ ముక్కని ఐదు మూలలు వచ్చేలా కోసి, తెల్ల రంగేసి, నేలలో కూరాను. అది హోమ్ ప్లేట్. బంతి కొట్టినవాడు మూడు సంచులూ తొక్కి, తిరిగి ఆ పలకని తాకితే ఒక పరుగు. దారిలో సంచి మీద లేనప్పుడు బంతి పట్టుకున్న చేత్తో ఎవడైనా తాకితే ఔట్, లేకపోతే సేఫ్. అంతే ఆట. మావాళ్ళు ఆ పలకని 'ఇల్లు' అనేవాళ్ళు. చెప్పుకోవడానికి సులువని.

వాళ్ళలో ఒక ముసలి ఇంజనీరు ఉండేవాడు. నేను గీతలు వంకర లేకుండా గీస్తున్నానని ఆయనకి నచ్చింది. టీ టేబుల్ మీద చక్కెర పొట్లాలు నాలుగు మూలలా పెట్టి, వేరుశనగ గింజని మనిషిలా నడిపిస్తూ నాకు నియమాలు నేర్పాడు. ఆయనకి వచ్చిన ఇంగ్లిష్ ముక్కలు ఇరవై, నాకు పదిహేను. అయినా రెండు చలికాలాలయ్యేసరికి సైటులో ఆయన తర్వాత నియమాలు తెలిసినవాణ్ణి నేనే. చిన్న చిన్న ఆటలకి నన్నే అంపైర్‌గా నిలబెట్టేవాళ్ళు. చదువు ఎనిమిదో తరగతి. అయినా ఇంజనీర్లు నా చేతివైపు చూసి ఆగేవాళ్ళు. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, నాకు అది తలకెక్కింది.

ఇక అతని గురించి చెప్పాలి.

అతనిది రాయచోటి వైపు. నాది జగిత్యాల వైపు. మా ఊళ్ళ మధ్య ఒక పగలూ రాత్రీ బస్సు ప్రయాణం. కానీ క్యాంపులో మేం పక్కపక్క మంచాలు. పైకప్పుల కోసం ఇనప గొట్టాలు బిగించే స్కఫోల్డింగ్ పని అతనిది. కోతిలా ఎక్కేవాడు, మేకపిల్లలా దిగేవాడు. నా జొన్నరొట్టెని అతను, అతని రాగిసంగటిని నేను వెక్కిరించుకుంటూ ఒకే తట్టలో తినేవాళ్ళం. వయసులో నాకంటే చిన్న. నేను తమ్మీ అనేవాణ్ణి, అతను అన్నా అనేవాడు.

అతని భార్య తాయిఫ్‌లో ఒక ఇంట్లో పనిచేసేది. ఇద్దరూ ఒకే దేశంలో ఉంటే మేలనుకుని ముందు ఆమె వచ్చింది, వెనకాల ఇతను వచ్చాడు. మ్యాపులో చూసుకుని వచ్చిన మొనగాళ్ళు. జిజాన్‌కీ తాయిఫ్‌కీ మధ్య ఎంత దూరమో బస్సెక్కినవాడికి తెలుస్తుంది. ఆమెకి రెండేళ్ళ ఒప్పందం అయిపోయింది. ఇంటివాళ్ళు దేశం దాటనిచ్చే ఎగ్జిట్ కాగితం ఇవ్వడం లేదు. ఫోన్ వాళ్ళ దగ్గరే ఉండేది. మొదట్లో వారానికోసారి ఇచ్చేవాళ్ళు, తర్వాత నెలకోసారి, ఆ తర్వాత ఎప్పుడిస్తే అప్పుడు. ఇతను ఫిర్యాదులు పెట్టాడు. జవాబు రాలేదు. పండగ సెలవులో ఒకసారి బస్సెక్కి పోయి గేటు కొట్టాడు. ఇల్లు తాళం వేసి ఉంది, వాళ్ళు చుట్టాలింటికి పోయారు. మర్నాటికి డ్యూటీలో ఉండాలి కాబట్టి తిరిగి వచ్చేశాడు.

"ఒక్క తూరి పోతే పని కాదన్నా" అనేవాడు. "ఆ ఊర్లోనే ఉండాల. వారం వారం పోయి గేటు కాడ నిలబడాల. మొగుడనేవోడు ఒకడుండాడని వాళ్ళకి తెలియాల. అప్పుడు ఇడిసిపెడతారు."

"గంతే తమ్మీ. మొగోడు అడుగుతే లెక్క వేరే ఉంటది" అనేవాణ్ణి నేను.

మా ప్లాంటు పని అయిపోవస్తోంది. కొరియా కంపెనీకి తర్వాతి పని తాయిఫ్‌లో దొరికింది. సప్లై కంపెనీ మా అందరినీ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపడానికి సిద్ధంగా ఉంది. కొరియా మేనేజరు మాత్రం కొద్దిమందిని నకల్ చేయించుకుని, అంటే కఫీల్ మార్పించి, తన వెంట తాయిఫ్ తీసుకుపోతానన్నాడు. ఎవరిని తీసుకుంటాడో ఎవరికీ తెలీదు. ఆ రోజుల్లో రాయచోటివాడు మూడుసార్లు మేనేజరు ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి, మూడుసార్లూ లోపలికి పోలేక తిరిగొచ్చాడు.

అతని కాళ్ళే అతనికి దారి చూపించాయి. పక్క సైటులో జపాన్ కంపెనీ ఉండేది. ఏటా ఒకసారి రెండు కంపెనీలకీ కప్పు పోటీ జరిగేది. మా మేనేజరుకి ప్లాంటు ఆలస్యమైనా ఫరవాలేదు, ఆ కప్పు పోతే అన్నం సయించదు. అంతకు ముందు ఏడాది కప్పు జపాన్ వాళ్ళు పట్టుకుపోయారు. మా ఇంజనీర్లకి పొట్టలొచ్చాయి, పరుగెత్తలేరు. రాయచోటివాడు నాలుగో అంతస్తు గొట్టాల మీంచి దూకి క్యాంటీన్‌కి ఉరకడం మేనేజరు కంటపడింది. పిలిచి జట్టులో వేసుకున్నాడు. కొట్టడానికి కాదు, అవసరమైతే కొట్టినవాడి బదులు ఉరకడానికి.

నేర్పడం నా వంతైంది. క్రికెట్ ఆడినవాడికి ఈ ఆట నేర్పడం ఎంత తిప్పలో నేను అప్పుడే చూశాను. మొదటిరోజు బ్యాటు చంకలో పెట్టుకుని ఉరికాడు. "పడెయ్ తమ్మీ, బ్యాటు పడేసి ఉరుకు!" అని నేను గొంతు చించుకున్నాను. రెండోరోజు రెండో సంచి దాకా చక్కగా పోయాడు. ఇక అయిపోయింది కదా అని, జారిపోయిన చెప్పు తెచ్చుకోవడానికి సంచి దిగి తాపీగా నడిచాడు. వెనకనుంచి వచ్చి బంతితో తాకి ఔట్ చేశారు. క్రికెట్‌లో ఒకసారి గీత చేరితే బంతి చచ్చిపోయినట్టే. ఇక్కడ బంతి చావదు. "ఇదేం ఆటన్నా, ఊపిరి పీల్చుకోనియ్యరా" అని నవ్వాడు. సంచి మీంచి కాలు తియ్యకూడదని ఆ తర్వాత ఎన్నడూ మర్చిపోలేదు. ఒక అలవాటు మాత్రం పోలేదు. క్రికెట్‌లో బ్యాటు చాపి గీతలో పెట్టినట్టు, ఎడమచెయ్యి ముందుకి చాపి నేలమీద పడి జారేవాడు. అది ఇక్కడ పనికొచ్చే అలవాటే కాబట్టి మాన్పించలేదు.

పోటీకి రెండు రోజుల ముందు మేనేజరు అతని భుజం తట్టి, సైటు ఇంగ్లిష్‌లో చెప్పాడు. గెలిస్తే నువ్వు తాయిఫ్. నకల్. నేను చేయిస్తా. ఆ మాట నా ముందే అన్నాడు. రాయచోటివాడు ఆ రోజు అన్నం తినలేదు. సంతోషం ఎక్కువైనా తినబుద్ధి కాదు కదా. ఫోన్‌లో భార్య ఫొటో తీసి నాకు చూపించాడు. ఎప్పుడో పెళ్ళిలో తీసింది, బొద్దుగా ఉంది. "ఇట్ల ఉండదన్నా ఇప్పుడు" అన్నాడు.

ఆ పోటీకి అంపైర్ ఎవరన్నది గొడవైంది. ముసలి ఇంజనీరుని జపాన్ వాళ్ళు ఒప్పుకోలేదు, ఆయన కొరియావాడు. వాళ్ళ మనిషిని మావాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి ఇద్దరికీ చెందనివాడు, నియమాలు తెలిసినవాడు, నేను మిగిలాను. నా సున్నం డబ్బా నాకు తెచ్చిన పదవి అది. నేను తప్పుకుని ఉండాల్సింది. జట్టులో మా తమ్మి ఉన్నాడు, వద్దు అనాల్సింది. అనలేదు. కొత్త టోపీ ఇస్తామన్నారు, ఛాతీకి కట్టుకునే దిండు లాంటిది ఇస్తామన్నారు, రెండు కంపెనీల పెద్దలూ నా చేతివైపు చూస్తారు. ఎలా వదులుకుంటాను?

ఆట శుక్రవారం ఏడింటికి మొదలైంది. పదకొండున్నరకి ఆపేయాలి. గార్డులు, డ్రైవర్లు, సగం మంది కూలీలు జుమ్మా నమాజుకి పోవాలి. కాబట్టి అదనపు ఆట ఉండదు, సమానమైతే కప్పు పోయినేడు గెలిచినవాళ్ళ దగ్గరే ఉండిపోతుందని ముందే రాసుకున్నారు. మైదానం చుట్టూ కట్టిన తాడుకి అవతల మావాళ్ళు రెండు వందల మంది దాకా చేరారు. ఆట తెలిసి కాదు. రాయచోటివాడు ఆడతాడేమోనని. తెలుగువాళ్ళకి అది చాలు.

మిగతా ఆటంతా నాకు గుర్తుంది కానీ చెప్పను. ఆఖరి వంతు దగ్గరికి వస్తాను. చెరి ఐదు పరుగులు. కొట్టేది మావాళ్ళు. ఇద్దరు ఔట్, ఇంకొక్కరు ఔటైతే ఆట అయిపోతుంది. టైము పదకొండు దాటింది. మా క్రేన్ ఇంజనీరు గట్టిగా కొట్టి రెండో సంచి దాకా ఉరికాడు, అక్కడ చీలమండ మెలికపడి కూలబడ్డాడు. మేనేజరు రాయచోటివాడి వైపు చెయ్యి ఊపాడు. అతను ఉరుక్కుంటూ పోయి రెండో సంచి మీద నిలబడగానే తాడు అవతల ఈలలు, కేకలు.

అప్పుడు జపాన్ కెప్టెన్ ఆట ఆపించి నా దగ్గరికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, బడిపంతులులా ఉండేవాడు. నన్నూ అతన్నీ మార్చి మార్చి చూపిస్తూ, ఒకే దేశం, ఒకే భాష, ఒకే గది, నిజమేనా అన్నాడు. గది సంగతి కూడా కనుక్కున్నాడు. నిజమే అన్నాను. ఇబ్బంది లేదా అన్నాడు. అందులో ఎగతాళి లేదు, మర్యాదగానే అడిగాడు. ఆ మర్యాదే నాకు గుచ్చుకుంది. పిల్లికి ఎలుక సాక్ష్యం అన్నట్టుగా నన్ను చూస్తున్నాడనిపించింది.

"నో ప్రాబ్లం" అన్నాను. "ఐ సీ ఓన్లీ బాల్."

ఆయన తలవంచి వెనక్కి పోయాడు.

తర్వాతి బంతినే మా వెల్డింగ్ సూపర్‌వైజరు కుడివైపు కొట్టాడు. బంతి గాల్లోకి లేవలేదు, నేలని రాసుకుంటూ మనుషుల మధ్యనుంచి పోయింది. రాయచోటివాడు బ్యాటు చప్పుడుకే కదిలాడు. మూడో సంచి తొక్కి ఆగకుండా తిరిగాడు. దూరంనుంచి బంతి విసిరారు, ఒక్క టప్పా పడి నేరుగా ఇల్లు కాసే క్యాచర్ చేతికి వచ్చింది. మంచి విసురు. క్యాచర్ దారికడ్డంగా తిరిగాడు. ఇతను పక్కకి వాలి, ఎడమచెయ్యి చాపి, పొట్టమీద జారాడు. దుమ్ము లేచింది.

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. దుమ్ము కళ్ళలో పడి కనబడలేదని తర్వాత కొందరు నాకు వంక వెతికిపెట్టారు. కనబడింది. అతని నాలుగు వేళ్ళూ తెల్లపలక మీద ఉన్నాయి. క్యాచర్ చేతితొడుగు అప్పటికి అతని వీపుకి జానెడు పైన ఉంది. వేళ్ళు పలక మీద పడ్డాకే అది వీపుని తాకింది. ఇన్నేళ్ళలో నాకు నేను చాలా అబద్ధాలు చెప్పుకున్నాను కానీ కనబడలేదన్న అబద్ధం ఒక్కటీ చెప్పుకోలేదు.

తాడు అవతలనుంచి రెండు వందల గొంతులు ఒకేసారి లేచాయి. "సేఫ్ అనే! మనోడే! ఇయ్యే, మనోడే!" ఆ 'మనోడే' అన్న మాట నా చెవిలో పడింది. జపాన్ కెప్టెన్ కదలకుండా నన్నే చూస్తున్నాడు. నేను సేఫ్ అంటే అతను ఏమనుకుంటాడో నాకు ముందే వినబడింది. పిడికిలి బిగించి కుడిచెయ్యి పైకెత్తాను. చెయ్యి దానంతటదే లేచిందని కథలు చెప్పను. నేనే ఎత్తాను. ఔట్.

మా నాయన ఊళ్ళో పెద్దమనిషి. ఒకసారి సొంత తమ్ముడికీ పక్క చేనువాడికీ గట్టు తగాదా వచ్చింది. పంచాయితీలో నాయన తమ్ముడికి వ్యతిరేకంగా తీర్పు చెప్పాడు. తమ్ముడని చూడలేదు, ధర్మరాజంటే నువ్వేనని ఊరంతా మెచ్చుకుంది. ఆ గట్టు మా చిన్నాయనదేనని మా అమ్మ బతికినంతకాలం పొయ్యి దగ్గర గొణుగుతూనే ఉంది. చిన్నాయన మళ్ళీ మా గడప తొక్కలేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. నేను ఆ పల్లకీనే చూస్తూ పెరిగాను. మనవాడికి మేలు చేస్తే పక్షపాతం, మనవాడిని ముంచితే న్యాయం. మాలో చాలామందికి ఈ జబ్బుంది. పైవాడు ఒక్కసారి అనుమానంగా చూస్తే చాలు, మనవాడి గొంతు మనమే కోసి చేతులు చూపిస్తాం. ఆ క్షణంలో నాకు న్యాయం అక్కర్లేదు, న్యాయవంతుడన్న పేరు కావాలి. దాని ధర తాయిఫ్‌లో ఉన్న ఒక ఆడమనిషి అని నాకు తెలియకపోలేదు. తెలిసే చేశాను.

అతను లేచి మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమచెయ్యి నాకు చూపించాడు. పలక చుట్టూ పొద్దున నేను చల్లిన సున్నం అతని వేళ్ళ కొసలకి అంటుకుని ఉంది.

"అన్నా, సున్నం సూడన్నా."

నేను చూశాను. మేనేజరు, ఇంకో ఇద్దరు అరుచుకుంటూ నా మీదికి వచ్చారు. ఎవడో నా టోపీ లాగాడు. అప్పుడు రాయచోటివాడు లేచి మా మధ్యలోకి వచ్చాడు. తన చేతివైపు తనే ఒకసారి చూసుకుని, ప్యాంటుకి తుడుచుకున్నాడు. తర్వాత హిందీలో అన్నాడు, "భాయ్ బోలా తో ఔట్ హై, సర్. భాయ్ ఝూఠ్ నహీఁ బోల్తా."

అన్న అబద్ధం చెప్పడు. నన్ను తిట్టి ఉంటే, మొహాన ఉమ్మి ఉంటే, అప్పటికప్పుడు నా మాట వెనక్కి తీసుకునేవాణ్ణేమో. ఏమో. అది కూడా నమ్మకంగా చెప్పలేను. జపాన్ కెప్టెన్ వచ్చి, టోపీ తీసి, నడుం దాకా వంగి నమస్కారం పెట్టాడు. నేనూ వంగాను. వంగినప్పుడు నాకు సంతోషం కలిగింది. ఇది రాయడం అన్నిటికంటే కష్టంగా ఉంది. కానీ కలిగింది.

తాడు అవతలి మావాళ్ళు ఆ సాయంత్రం నాతో కలిసి తినలేదు. "ఏం మనిషివే నువ్వు? జర దయ లేదా?" అన్నాడు వంటాయన తట్ట ముందు పెట్టి. రాయచోటివాడే వచ్చి పక్కన కూర్చుని నా తట్టలో చెయ్యి పెట్టాడు. "నేనే ఒక అడుగు ముందు దూకాల్సిందన్నా. బిన్నా దూకింటే అయిపోయుండేది" అన్నాడు. మూడో సంచి దగ్గర కొంచెం వెడల్పుగా తిరిగానని, అక్కడ ఆలస్యమైందని తనే వివరంగా చెప్పాడు. నేను తలూపాను.

పది రోజులకి తాయిఫ్ పోయేవాళ్ళ పేర్లు గోడకి అంటించారు. అతని పేరు లేదు. కప్పు జపాన్ వాళ్ళ దగ్గరే ఉండిపోయిన సంగతి మేనేజరు మర్చిపోలేదు. అదృష్టం లేని మనిషి వద్దన్నాడట. నా పేరు ఉంది. కొత్త సైటులో స్టోర్‌కి నమ్మకమైనవాడు కావాలట, సొంత గదివాడికే ఔట్ ఇచ్చినవాడికంటే నమ్మకస్థుడు ఎక్కడ దొరుకుతాడని మేనేజరే అన్నాడట. ముసలి ఇంజనీరు నా వీపు తట్టి ఆ మాట చెప్పాడు. ఆ కాగితం ముందు నిలబడి, నా పేరు కొట్టించి అతని పేరు రాయించమని ఆఫీసులోకి పోయి అడగొచ్చు. జరిగింది చెప్పొచ్చు. గుమ్మం దాకా పోయాను. అతను భయంతో తిరిగొచ్చిన గుమ్మమే అది. నేను ఆశతో తిరిగొచ్చాను. నాకూ నకల్ కావాలి. ఇంటికి పోతే నాకేముంది?

అతను ఎగ్జిట్ మీద పోయేరోజు బస్సు దగ్గరికి పోయాను. నా ఫోన్ తీసుకుని, తాయిఫ్‌లో ఆ ఇల్లు ఎక్కడుందో మ్యాపులో గుర్తు పెట్టించాడు.

"మంచిదే అయింది లేన్నా, నేను గాకపోతే నువ్వు పోతాండావు" అన్నాడు. "ఒక్క తూరి పోయి సూడు. బాగుండాదో లేదో సూసి సెప్పు, సాలు."

"పోత తమ్మీ. పోంగనే మొదటి శుక్రారమే పోత" అన్నాను.

తాయిఫ్‌లో గాలి చల్లగా ఉంటుంది. జిజాన్ ఉప్పుచెమట తర్వాత ఆ కొండగాలి తగిలితే ఎవడికైనా ప్రాణం లేచివస్తుంది. నాకు స్టోర్‌లో కుర్చీ, ఫ్యాన్, తాళంచెవుల గుత్తి ఇచ్చారు. మొదటి శుక్రవారం పోలేదు. రెండోదీ పోలేదు. అతను ప్రతి శుక్రవారం ఫోన్ చేసి "పోయినావా అన్నా?" అని అడిగేవాడు. స్టాకు వచ్చిందనీ, జ్వరమనీ, ఓవర్‌టైమ్ అనీ చెప్పాను. ఒక అబద్ధం చెప్పినవాడికి తర్వాతివి తేలికగా వస్తాయి. ఎనిమిదో శుక్రవారం అతను అడగలేదు. ఊరికే, "తిన్నావా అన్నా" అని పెట్టేశాడు. అప్పుడు పోయాను.

సాయంత్రం, అసర్ నమాజ్ అయిన వేళ. దానిమ్మతోటల పక్కనుంచి పోయే వీధిలో ఎత్తైన గోడ, ఇనప గేటు. గేటు సగం తెరిచి ఉంది. ఒకామె మెట్లు కడుగుతోంది. ఫొటోలో బొద్దుగా ఉన్న మనిషి ఈమేనని పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. రోడ్డుమీదే నిలబడి, తెలుగులో, రాయచోటి నుంచి మీ ఆయన పంపితే వచ్చానని చెప్పాను. ఆమె చేతిలో చీపురు ఆగిపోయింది. లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "బాగుండాడా?" అంది.

బాగున్నాడన్నాను. ఎప్పుడు పంపుతారమ్మా అని అడిగాను. కొత్త మనిషి వస్తే పంపిస్తామంటున్నారు, వచ్చిన మనిషి నిలబడటం లేదని చెప్పింది. ఇంతలో ఇంటి పెద్దాయన బయటికి వచ్చాడు. చెడ్డవాడిలా లేడు. సలాం చెప్పి, వచ్చిన అరబ్బీ ముక్కలతో, ఈమెకి రెండేళ్ళయిపోయింది, ఎగ్జిట్ ఇవ్వండి అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. నువ్వెవరు అన్నాడు. ఆమె భర్తకి స్నేహితుణ్ణన్నాను. అన్నవా, తండ్రివా అన్నాడు. కాదన్నాను. భర్త ఉంటే భర్తని రమ్మను, భర్తతో మాట్లాడతాను, నీతో నాకేం మాట అని లోపలికి పోయాడు. అందులో కోపం లేదు. ఆయన లెక్కలో అది సరైన మాటే. ఆమె ఇల్లు చేరడానికి ఆ తర్వాత ఇంకో ఏడాదిన్నర పట్టిందని నాకు వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. కానీ ఆ సాయంత్రానికే ఆమెకి విషయం అర్థమైంది. భర్త జిజాన్‌లో ఉన్నప్పుడే కలవలేకపోయాడు, ఇప్పుడు రాయచోటి నుంచి ఏం వస్తాడు.

నేను కదలబోతుంటే ఆమె బకెట్టు పట్టుకుని గేటు దాకా వచ్చింది.

"ఆయప్ప సెప్పిన అన్న మీరే గదా, ఆ ఆటలో ఔటిచ్చింది మీరేనంట" అంది. "ఆయప్ప ఫోన్‌లో ఏడిసినాడు. నాదే తప్పు, కొంచెం ముందు దూకింటే నీ కాడికి వచ్చుందును, ఆలస్యం జేసినా అని. నిజంగానే అంత ఆలస్యం జేసినాడా అన్నా?"

వీధిలో ఎవరూ లేరు. కెప్టెన్ లేడు, మేనేజరు లేడు, మావాళ్ళూ లేరు. నిజం చెబితే పోయే పేరు కూడా అక్కడ లేదు.

"అవునమ్మా. కొంచెం ఆలస్యమైంది" అన్నాను.

ఆమె తలూపింది. "ఎప్పుడూ ఇంతేలే ఆయప్ప. పెండ్లికి గూడా పొద్దు పోయినాక వచ్చినాడు" అంది. కొంచెం నవ్వింది కూడా. బకెట్టులో మిగిలిన నీళ్ళు గుమ్మం ముందు పారబోసి, గేటు లాగింది. గడియ పడేలోపు పిలిచి చెప్పడానికి టైము ఉంది. నేను పిలవలేదు.